నిన్న కనిపించిన లింకు ఇవాళ ఏమైంది?

2025 ఆగస్టు మొదట్లో చాట్‌జీపీటీని ఏదైనా అడిగితే, జవాబుకు మూలాలుగా చూపించే లింకుల్లో చర్చల సైటు రెడిట్ పేరు పదేపదే కనిపించేది. ఇంటర్నెట్ వెతుకులాట మీద లెక్కలు కట్టే సెమ్‌రష్ సంస్థ పరిశీలనలో నూటికి దాదాపు 60 జవాబుల్లో రెడిట్ లింకు ఉంది. సెప్టెంబరు మధ్యకి వచ్చేసరికి అది 10 దగ్గరికి పడిపోయింది. వికీపీడియాదీ అదే దారి. 55 దగ్గర ఉన్నది 20 లోపుకి దిగింది. అక్టోబరు మొదట్లో ఇలాంటి లెక్కలు బయటికి పొక్కగానే న్యూయార్క్ మార్కెట్లో రెడిట్ షేరు జారింది.

ఈలోగా రెడిట్ మూతపడలేదు. అందులోని పేజీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. చాట్‌జీపీటీని నడిపే ఓపెన్‌ఏఐతో 2024 మేలో అది కుదుర్చుకున్న ఒప్పందమూ అమల్లోనే ఉంది. పేజీ ఉంది, చదివేవాళ్లున్నారు, ఏఐ మాత్రం పేరెత్తడం తగ్గించేసింది.

ఎప్పుడు తగ్గించింది? ఎందుకు? అసలు నిజంగానే తగ్గించిందా, లేక మనం అడిగినప్పుడు కనిపించలేదా? పత్రికలు, ఆస్పత్రులు, ప్రభుత్వ శాఖలు, దుకాణాలు ఇప్పుడు ఈ మూడు ప్రశ్నలతో కుస్తీ పడుతున్నాయి. చూడటానికి తేలిగ్గా ఉన్న మూడోదే అన్నిటికన్నా కష్టమైనది.

జవాబు వెనక జరిగే తతంగం

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనంలోకి వచ్చినప్పుడు దానికి మూలాలు చూపించే అలవాటే లేదు. శిక్షణలో చదివిన పేజీల సారమంతా దాని లోపలి అంకెల్లో కరిగిపోయి ఉంటుంది. ఫలానా వాక్యం ఫలానా పేజీ నుంచి వచ్చిందని విడదీసి చెప్పడం దానికి చేతకాదు. గట్టిగా లింకు అడిగితే, అచ్చం నిజమైనదానిలా కనిపించే దొంగ లింకును అల్లి ఇచ్చేది.

దీనికి విరుగుడు అప్పటికే పరిశోధనల్లో ఉంది. 2020లో ఫేస్‌బుక్ ఏఐ పరిశోధన విభాగానికి చెందిన పాట్రిక్ లూయిస్ బృందం ఒక పద్ధతి ప్రతిపాదించింది. మోడల్ తన జ్ఞాపకం మీదే ఆధారపడకుండా, ముందు బయటి పత్రాల్లో వెతికి, దొరికినవి దగ్గర పెట్టుకుని జవాబు రాయాలన్నది దాని సారాంశం. పర్‌ప్లెక్సిటీ 2022 డిసెంబరులో ఈ తీరులోనే మొదలైంది. 2023 ఫిబ్రవరిలో బింగ్, 2024 మేలో అమెరికాలో గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్, 2024 అక్టోబరు 31న చాట్‌జీపీటీ సెర్చ్ ఆ వరుసలో వచ్చాయి.

వాడేవాడికి కనిపించేది ప్రశ్న, జవాబు, వాటి కింద నాలుగు లింకులు. మధ్యలో చాలా జరుగుతుంది. అడిగిన ప్రశ్నను యంత్రం ముందు చిన్న చిన్న ప్రశ్నలుగా విడగొడుతుంది. ఒక్కోదానికీ వెబ్‌పేజీల సూచీలో వెతికి కొన్ని పేజీలు తెస్తుంది. వాటిని ముక్కలుగా కోసి, ఏ ముక్క ప్రశ్నకు దగ్గరగా ఉందో తూచి వరుస పెడుతుంది. పైనున్న కొన్ని ముక్కలే మోడల్‌కు అందుతాయి. మోడల్ వాటిని చదివి వాక్యాలు రాస్తూ, ఏ వాక్యానికి ఏ పేజీని చూపాలో అప్పుడు నిర్ణయిస్తుంది.

ఒక పేజీ ఈ మెట్లలో ఎక్కడైనా జారిపోవచ్చు. సూచీలోనే లేకపోవచ్చు. సూచీలో ఉన్నా వెతుకులాటలో తగలకపోవచ్చు. తగిలినా ముక్కల పోటీలో వెనకబడవచ్చు. మోడల్ చేతికి అందాక కూడా, అదే సంగతి చెప్పే మరో పేజీకి ఆ గౌరవం దక్కవచ్చు. బయటినుంచి చూసేవాడికి ఇవన్నీ ఒకేలా, లింకు లేకపోవడంలాగే కనిపిస్తాయి.

అడిగిన ప్రతిసారీ వేరే జవాబు

ఇంకో చిక్కు ఉంది. ఒకే ప్రశ్నను ఒకే మోడల్‌ను రెండుసార్లు అడిగితే రెండు జవాబులు రావచ్చు. తర్వాతి పదాన్ని ఎంచుకునేటప్పుడు మోడల్ కొంత అదృష్టానికి వదిలేస్తుంది. ఎంత వదలాలో చెప్పే మీటకు టెంపరేచర్ అని పేరు. దాన్ని సున్నాకు తిప్పేస్తే జవాబు మారకూడదు. కానీ మారుతుంది.

2025 సెప్టెంబరులో థింకింగ్ మెషీన్స్ ల్యాబ్ అనే ఏఐ సంస్థ ఈ సంగతి పరీక్షించింది. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ గురించి చెప్పమని క్వెన్ అనే పెద్ద ఏఐ మోడల్‌ను, టెంపరేచర్ సున్నా పెట్టి, 1,000 సార్లు అడిగారు. 80 రకాల జవాబులొచ్చాయి. మొదటి 102 టోకెన్ల దాకా, అంటే పదాల తునకల దాకా, వెయ్యి జవాబులూ అచ్చుగుద్దినట్టు ఒకటే. 103వ దగ్గర దారి చీలింది. ఫైన్‌మన్ పుట్టిన ఊరు 992 జవాబుల్లో ‘క్వీన్స్, న్యూయార్క్’ అయితే, మిగతా 8 జవాబుల్లో ‘న్యూయార్క్ సిటీ’ అయింది. అక్కణ్నుంచి కథలు వేరు.

కారణం ఫైన్‌మన్‌లో లేదు, ప్రశ్నలోనూ లేదు. సర్వర్ ఒకేసారి చాలామంది ప్రశ్నలను గుంపుగా కట్టి లెక్కిస్తుంది. గుంపు పరిమాణం మారితే దశాంశ సంఖ్యలు కూడే వరుస మారుతుంది. వరుస మారితే ఎక్కడో చివరి అంకెలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. రెండు పదాలు హోరాహోరీగా ఉన్నచోట ఆ తేడాయే గెలుపును తారుమారు చేస్తుంది. అంటే ఆ క్షణంలో సర్వర్ మీద ఎంత రద్దీ ఉందన్నది మీ జవాబును మార్చగలదు. వెతుకులాట కూడా తోడైతే ఈ ఊగిసలాట ఇంకా పెరుగుతుంది.

2026 జనవరిలో స్పార్క్‌టోరో సంస్థ ఇదే విషయాన్ని వాడుకలో చూపించింది. 600 మంది వాలంటీర్లు 12 ప్రశ్నలను వేర్వేరు ఏఐలకు దాదాపు 3,000 సార్లు వేశారు. ఏ వస్తువు కొంటే బాగుంటుంది లాంటి ప్రశ్నలకు రెండుసార్లూ ఒకే జాబితా వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ అని తేలింది. జాబితాలో ఎన్నో స్థానం అనే లెక్కకు అర్థం లేదు. వందసార్లు అడిగితే ఎన్నిసార్లు పేరు వచ్చిందన్న లెక్క మాత్రం కొంత నిలకడగా ఉంది.

కాబట్టి ‘ఏఐ నా పేజీని చూపిస్తోందా’ అన్న ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు కుదరదు. నూటికి ఎన్నిసార్లు చూపిస్తోందన్నదే అడగాలి. మానేయడం అంటే ఆ వాటా తగ్గడం.

లేదని ఎప్పుడు అనాలి?

లెక్క వేసి చూద్దాం. ఒక పేజీని ఏఐ నూటికి 30 సార్లు చూపిస్తోందనుకుందాం. దాని యజమాని పొద్దున్నే ఐదుసార్లు అడిగాడు. ఐదింటిలోనూ తన పేరు లేదు. అతను కంగారుపడాలా? ఐదుసార్లూ కనిపించకపోయే అవకాశం దాదాపు 17 శాతం. అంటే అంతా సవ్యంగా ఉన్నప్పుడు కూడా ఆరు రోజుల్లో ఒకరోజు అతనికి ఈ భయం తప్పదు. పదిసార్లు అడిగితే ఆ అవకాశం 3 శాతం లోపుకి పడిపోతుంది.

ఎన్నిసార్లు అడిగినా ఒక్కసారీ రాకపోతే? దీనికి గణాంకశాస్త్రంలో మూడు సూత్రం అనే చిట్కా ఉంది. మూడును ప్రయత్నాల సంఖ్యతో భాగిస్తే చాలు. 30 సార్లు అడిగి ఒక్కసారీ కనిపించకపోతే, అసలు వాటా 10 శాతానికి మించదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 300 సార్లు అడిగితే ఒక శాతానికి మించదని చెప్పొచ్చు. సున్నా అని మాత్రం ఎన్నిసార్లు అడిగినా తేలదు.

కనిపించకపోవడాన్ని లేకపోవడంగా ఎప్పుడు లెక్కగట్టాలన్న తగవు పక్షి శాస్త్రజ్ఞులకు పాతదే. తూర్పు కనుమల పొదల్లో తిరిగే కలివి కోడిని 1900లో చూసినవాళ్లున్నారు. తర్వాత దశాబ్దాలపాటు జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర అది మళ్లీ దొరికింది. ఇలాంటి జీవుల కోసం ఆండ్రూ సోలో అనే గణాంకవేత్త 1993లో ఒక పద్ధతి ప్రచురించాడు. పాత దర్శనాల మధ్య ఎంతెంత ఎడం ఉండేదో చూసి, ఇప్పటి ఎడం మామూలుదా కాదా అని తూచే పద్ధతి అది. పదేళ్లకోసారి కనిపించే పిట్ట అయిదేళ్లు కనబడకపోతే ఏమీ కాదు. రోజూ వచ్చే పిట్ట నెల రోజులు రాకపోతే అనుమానించాలి. పేజీ లింకుకూ ఇదే తర్కం వర్తిస్తుంది. పాత లెక్క లేనివాడు కొత్త లోటును కొలవలేడు.

వాటా తగ్గిన రోజును పట్టుకోవడానికి కార్ఖానాల్లో పుట్టిన పనిముట్లు పనికొస్తాయి. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో వాల్టర్ షూహార్ట్ 1924లో మొదటి నియంత్రణ పటం గీశాడు. మామూలు ఊగిసలాట ఎంతదాకా ఉంటుందో పైన ఒక గీత, కింద ఒక గీత గీసి, గీత దాటినప్పుడే గంట కొట్టడం దాని పని. రోజుకు 50 సార్లు అడిగితే సగటున 15 సార్లు కనిపించే పేజీ ఉందనుకుందాం. ఒకరోజు 9 వస్తే కంగారు అక్కర్లేదు, అది మామూలు ఊగిసలాటలోనిదే. 5కి పడితే మాత్రం ఏదో జరిగినట్టే.

కానీ పడిపోవడం ఎప్పుడూ ధబేలున జరగదు. 15 కాస్తా 12 అయి అక్కడే నిలబడితే షూహార్ట్ గీత దాన్ని పసిగట్టలేదు. అందుకు 1954లో బ్రిటిష్ గణాంకవేత్త ఇ.ఎస్. పేజ్ ఇంకో ఉపాయం చెప్పాడు. ప్రతిరోజూ వచ్చిన లోటులో కొంత చూసీచూడనట్టు వదిలి, మిగతాది ఖాతాలో కూడుతూ పోవాలి. రోజుకు 1.5 వదిలేస్తే, 12 వచ్చిన ప్రతిరోజూ ఖాతాలో 1.5 చేరుతుంది. పది రోజులకు 15 అవుతుంది. ఒక్కరోజు లెక్కలో దాక్కున్న నష్టం పది రోజుల ఖాతాలో బయటపడుతుంది.

ఏ తలుపు మూసుకుంది?

తగ్గిందని తేలాక కారణం వెతకాలి. మొదట చేయాల్సింది పక్క పేజీలనూ అదే రోజున కొలవడం. అందరూ ఒకేసారి పడితే తప్పు పేజీలో లేదు, యంత్రమే మారింది. రెడిట్, వికీపీడియా కలిసి జారడం ఆ కోవలోదే. గూగుల్ తన ఫలితాల్లో ఒకేసారి వంద చూపించే వెసులుబాటును 2025 సెప్టెంబరులో తీసేయడానికీ, ఆ పతనానికీ కొందరు విశ్లేషకులు ముడిపెట్టారు. అది ఊహ మాత్రమే.

ఒక్క పేజీయే పడితే సర్వర్ లాగ్ తెరవాలి. వచ్చిన ప్రతి అతిథికీ అందులో ఒక వరుస ఉంటుంది. ఏ క్షణంలో వచ్చారు, ఏ పేజీ అడిగారు, పేరేమని చెప్పారు, మన సర్వర్ ఏం బదులిచ్చింది అన్నవన్నీ అందులో రాసి ఉంటాయి. బదులు మూడంకెల్లో ఉంటుంది. 200 అంటే పేజీ ఇచ్చాం. 404 అంటే అలాంటి పేజీ లేదు. 403 అంటే లోపలికి రావద్దు. ఓపెన్‌ఏఐ నుంచి ముగ్గురు వస్తుంటారు. జీపీటీబాట్ శిక్షణ సరుకు కోసం వస్తుంది. ఓఏఐ-సెర్చ్‌బాట్ వెతుకులాట సూచీ కోసం వస్తుంది. చాట్‌జీపీటీ-యూజర్ ఎవరో ఒకరు ప్రశ్న వేసినప్పుడు అప్పటికప్పుడు వస్తుంది. రెండో పేరు ఎదురుగా వరసపెట్టి 403 కనిపిస్తే, జవాబుల్లోంచి పేజీ మాయమవడంలో వింతేమీ లేదు.

ఆ 403 చాలాసార్లు ఇంటివాళ్లు పెట్టిన తాళమే. 403 దాకా రాకుండానే ఆపే దారీ ఉంది: క్రాలర్లకు, అంటే పేజీలు సేకరించే బాట్లకు, హద్దులు చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు పద్ధతిని 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించాడు. అది 2022లో గానీ అధికారిక ప్రమాణం కాలేదు. శిక్షణకు తమ రాతలు ఇవ్వకూడదని 2023 నుంచి వేలాది సైట్లు అందులో ఏఐ బాట్ల పేర్లు చేర్చాయి. 2025 జులై 1 నుంచి క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ తన దగ్గర చేరే కొత్త సైట్లకు ఏఐ క్రాలర్లను ముందే అడ్డుకునే ఏర్పాటు పెట్టింది. అడ్డు పెట్టడం యజమాని హక్కు. అయితే శిక్షణ బాట్‌నూ, సెర్చ్ బాట్‌నూ ఒకే గాటన కట్టి బయటికి పంపేసిన సైటు, మూలాల వరుసలోంచి కూడా తనంతట తాను తప్పుకున్నట్టే. గూగుల్ సంగతి వేరు. గూగుల్-ఎక్స్‌టెండెడ్ పేరును అడ్డుకుంటే జెమినై శిక్షణకు పేజీ వెళ్లదు గానీ, ఏఐ ఓవర్‌వ్యూస్ మాత్రం మామూలు గూగుల్‌బాట్ తెచ్చిన సరుకుతోనే నడుస్తాయి.

లాగ్‌లో 404లు కనిపిస్తే పేజీ చచ్చిపోయినట్టు. ఇది మనం అనుకునేదానికన్నా మామూలు విషయం. 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం 2023 అక్టోబరు నాటికి తెరుచుకోవడం లేదని ప్యూ పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. సైటుకు కొత్త రూపం ఇచ్చేటప్పుడు పాత చిరునామాలకు దారి మళ్లింపు పెట్టడం మరిచిపోతే, రాత్రికి రాత్రి వందలాది పేజీలు ఏఐ కంటికి కనిపించకుండా పోతాయి.

అన్నీ 200లే ఉండి, లింకు మాత్రం రాకపోతే పోటీలో ఓడినట్టు. ఆ ఓటమి ఒక్కోసారి న్యాయమైనదే. తెలంగాణలో జిల్లాలెన్ని అన్న ప్రశ్నకు 2014లో సరైన జవాబు 10. 2016 అక్టోబరు నుంచి 31. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరాక 33. ఇంకా 31 దగ్గరే ఆగిపోయిన పేజీని చూపడం మానేసిన యంత్రం తన పని సరిగ్గా చేసినట్టు. పేజీ యజమానికి అది నష్టంలా కనిపించినా, అడిగినవాడికి మేలే.

లింకు ఉన్నంత మాత్రాన

లెక్కపెట్టేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. జవాబు కింద లింకు కనిపించినంత మాత్రాన అది నిజమైన ఆధారం కాదు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో బింగ్ చాట్, పర్‌ప్లెక్సిటీ సహా నాలుగు ఏఐ సెర్చ్‌లను పరిశీలించారు. జవాబుల్లోని వాక్యాల్లో 51.5 శాతానికే లింకుల్లో పూర్తి ఆధారం దొరికింది. చూపిన లింకుల్లో 74.5 శాతమే తమ పక్కనున్న వాక్యాన్ని సమర్థించాయి.

2025 మార్చిలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టో సెంటర్ మరో పరీక్ష పెట్టింది. 20 ప్రచురణ సంస్థల నుంచి 200 వ్యాసాలు తీసుకుని, వాటిలోని భాగాలు ఎనిమిది ఏఐలకు ఇచ్చి, ఇది ఎవరిదో, ఎక్కడుందో చెప్పమంది. మొత్తం 1,600 ప్రశ్నల్లో 60 శాతానికి పైగా తప్పు జవాబులే వచ్చాయి. గ్రాక్-3కి వేసిన 200 ప్రశ్నలకు వచ్చిన లింకుల్లో 154 తెరిస్తే ఎర్రర్ పేజీలే ఎదురయ్యాయి. కొన్నిచోట్ల అసలు పత్రికను వదిలేసి, ఆ వ్యాసాన్ని తిరిగి ప్రచురించిన సైటును చూపించాయి. అంటే పత్రిక పేరు ఉందా అని మాత్రమే చూసే పరికరం దొంగ లింకును కూడా హాజరు కింద వేసేస్తుంది. ప్రతి లింకునూ తెరిచి, అందులో ఆ మాట ఉందో లేదో చూడక తప్పదు.

సైటుకు వచ్చేవాళ్ల సంఖ్యను చూసి కూడా ఏమీ తేల్చుకోలేం. చాట్‌జీపీటీ పంపే లింకుల చివర తన పేరు తగిలిస్తుంది కాబట్టి అక్కణ్నుంచి ఎవరొచ్చారో తెలుస్తుంది. కానీ వచ్చేవాళ్లే అరుదు. 2025 మార్చిలో 900 మంది అమెరికన్ల బ్రౌజింగ్‌ను ప్యూ సంస్థ పరిశీలించింది. గూగుల్‌లో ఏఐ సారాంశం కనిపించిన సందర్భాల్లో దాని లోపలి లింకు నొక్కినవి ఒక్క శాతమే. మూలాల వరుసలోంచి పేజీ ఎగిరిపోయినా, ఆ నెల లెక్కల్లో చెప్పుకోదగ్గ గుంట పడకపోవచ్చు.

తెలుగులో అడిగితే

తెలుగు పేజీలకు ఈ లెక్క ఇంకొంచెం జటిలం. రైతు భరోసా డబ్బులు ఎప్పుడు పడతాయని అడిగేవాళ్లలో కొందరు తెలుగు లిపిలో టైపు చేస్తారు, చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, మరికొందరు ఇంగ్లిషులోనే అడుగుతారు. ప్రశ్న ఒకటే అయినా మూడింటికీ వేర్వేరు మూలాలు రావచ్చు. తెలుగులో అడిగిన ప్రశ్నకు యంత్రం లోపల ఇంగ్లిషులో వెతికి, ఇంగ్లిషు పేజీల్ని తెలుగులో వండి వడ్డించడమూ ఉంది. తెలుగు లిపిలో మాత్రమే అడిగి చూసుకునే పత్రికకు ఆ మిగతా రెండు దారుల్లో ఏం జరుగుతోందో తెలియదు.

పాత సరుకు సంగతి మరీ దారుణం. యూనికోడ్ వాడకంలోకి రాకముందు తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో మాత్రమే అది తెలుగు. యంత్రానికి అది అర్థంపర్థం లేని రోమన్ అక్షరాల కుప్ప. స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టిన ప్రభుత్వ జీవోలదీ ఇంచుమించు అదే గతి. వాటిని ఏఐ మానేయడమంటూ లేదు, మొదలుపెట్టిందే లేదు. లోటు పట్టుకునే పటాలేవీ ఈ సంగతి చెప్పవు, ఎందుకంటే మొదటి రోజు నుంచీ అక్కడ గీత సున్నా మీదే ఉంది.

లెక్క ఎవరి దగ్గరుంది?

ఇప్పుడు మార్కెట్లో ఉన్న పరికరాలు చాలావరకు సొంతంగా ప్రశ్నలు తయారు చేసుకుని, ఏఐలను రోజూ అడిగి, లింకులు లెక్కపెట్టేవే. జనం నిజంగా ఏం అడుగుతున్నారో వాటికి తెలియదు, అది ఏఐ సంస్థల దగ్గరే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2026 ఫిబ్రవరిలో బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో ఒక నివేదిక తెరిచింది. కోపైలట్, బింగ్ జవాబుల్లో తన ఏ పేజీ ఎన్నిసార్లు మూలంగా వచ్చిందో సైటు యజమాని అందులో చూసుకోవచ్చు. అది బింగ్ కుటుంబం వరకే. మిగతా ఏఐల విషయంలో బయటినుంచి అడిగి చూసుకోవడమే దారి.

అందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పాఠకులు అడిగే ఇరవై ప్రశ్నలు, మూడు రకాల రాతల్లో, ప్రతివారం అదే రోజున, ప్రతిసారీ కొత్త చాట్‌లో, ఒక్కోటి పదేసి సార్లు అడగాలి. తేదీ, మోడల్ పేరు, వచ్చిన లింకులు, తెరిస్తే ఏముందో ఒక పట్టికలో రాయాలి. పక్కన పోటీ సైట్లు రెండు మూడింటి లెక్క ఉండాలి. జవాబు పూర్తి పాఠాన్ని కూడా దాచాలి. వెబ్‌పేజీ పోతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకలు దొరికే వీలుంది, అక్కడ దాచిన పేజీలు 2025 అక్టోబరుకే లక్ష కోట్లు దాటాయి. ఎవరికో ఒకరికి చాట్‌లో వచ్చిన జవాబుకు అలాంటి నకలు ఎక్కడా ఉండదు. పోయిన ఏడాది ఫలానా ప్రశ్నకు ఏఐ ఎవరిని మూలంగా చూపించిందని ఇవాళ ఎవరైనా అడిగితే, అప్పుడు అడిగి రాసిపెట్టుకున్నవాళ్లు మాత్రమే చెప్పగలరు.